ఒప్పుకోనని ఇచ్చిన మాట

కార్తీక బహుళ తదియ

బతికున్నంత కాలం నాతో ఏకీభవించనని ఒక మనిషి నాకు మాటిచ్చాడు. గాదె మెట్ల మీద నిలబడి, నా చెయ్యి పట్టుకుని మరీ ఇచ్చాడు. చాలా ఏళ్ళు నిలబెట్టుకున్నాడు కూడా. తరవాత ఒక ఏడు, నిండు సభలో, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, "విశ్వపతి చెప్పిందే నిజం. నాకే ఇన్నాళ్ళూ కనపడలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఒక పుస్తకం చచ్చిపోయింది.

సముద్రం మీద తేలే మా ఊళ్ళో ఇల్లంటే తెప్పే. ఈ దినచర్య పుస్తకం తెప్పకొకటి ఉంటుంది. పోటు ఎంత వచ్చింది, తాళ్ళు ఎలా ఉన్నాయి, ప్యానెళ్ళ మీద ఉప్పు తుడిచారా లేదా, ఇవి రాయాలి. రాస్తాను. పోటు మామూలే. తాళ్ళు బాగున్నాయి. ఉప్పు తుడిచాను. మిగిలిన కాగితం నాది. ఈ పుస్తకాలు ఎవరూ చదవరు కాబట్టి ఇందులో ఎవరి పేరైనా రాయొచ్చు. ఆ ఒక్కడి పేరు మాత్రం ఇప్పుడే రాయలేను. చెయ్యి రావడం లేదు.

ఇవాళ తాయారమ్మ గారి పదో రోజు. ఆవిడ వయొలిన్ టీచరు. మా ఊరు కొత్తదివిలో ఆవిడ దగ్గర నేర్చుకోని ఇల్లు లేదు, నేర్చుకున్నది గుర్తున్న ఇల్లూ లేదు. భోజనాల దగ్గర మా పక్క తెప్ప బసవయ్య "పాపం, ఎంత హుషారుగా వాయించేదో" అన్నాడు.

"హుషారుగానా? ఎప్పుడు విన్నావు?"

"ఎప్పుడేంటి మాస్టారూ, రోజూ వింటాను. చెవి వెనక సులువు బిళ్ళ ఉందిగా, నాకు సరిపడా చేసి వినిపిస్తుంది. ఆవిడ వయొలిన్‌కి డప్పు కలిపితే ఉంటుందీ!"

తాయారమ్మ గారు జన్మలో హుషారుగా వాయించలేదు. పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఊరుకున్నాను.

ఆవిడ పోవడంతో ఊరికి ఒక వయొలిన్ పోయింది. నాకు నా ప్రత్యర్థి పోయింది. ఆవిడ లేకపోతే "ఆరుబయట నూలు" అనే సినిమా కూడా పోతుంది. నా దగ్గర మిగిలింది అదొక్కటే.

కార్తీక బహుళ షష్ఠి

చెంబులో నీళ్ళు వణికాయి. తెప్పల ఊళ్ళో తలుపు కొట్టక్కర్లేదు. మనిషి అడుగు చెక్క వంతెన మీద పడగానే ఇంట్లో నీళ్ళకి తెలుస్తుంది. చంటిపిల్లలకి కూడా ఆ వణుకు చూసి వచ్చేది అమ్మో నాన్నో తెలిసిపోతుంది. బసవయ్య వస్తే చెంబు అంచు దాకా అదురుతుంది. ఇవాళ్టిది కొత్త అడుగు, తొందర అడుగు.

నాంచారి వచ్చింది. గాదెలో ఉద్యోగం. నలభై దాటాయి. మాటిచ్చినవాడి కూతురు. వాడి ముక్కే, వాడి నడకే. వాడు పోయినప్పుడు నేను వెళ్ళలేదు కాబట్టి ఈ మనిషిని ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు.

"మాస్టారూ, పలక గురించి వచ్చాను."

"ఏ పలక?"

"తెలియనట్టు అడుగుతారేంటి? తాయారమ్మ గారు లేరు. మీ సినిమాకి మీరొక్కరే మిగిలారు. మార్గశిర పౌర్ణమి సభలో ఎలాగూ కొట్టేస్తారు. మీరే వదులుకుంటున్నానని ఒక్క మాట చెబితే ముందే తీసేస్తాం. తుఫాను లెక్కలకి జాగా లేక చస్తున్నాం."

మా గాదెలో ధాన్యం ఉండదు. నేల మునగక ముందు గట్టు మీద బతికిన కాలం నాటి పుస్తకాలూ సినిమాలూ సంగీతమూ పలకల్లో ఉంటాయి. పలకలు చేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఏటా కొన్ని ఉప్పుకి పాడైపోతాయి. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఏదైనా ఉన్నది ఉన్నట్టు మిగలాలంటే దానికి ఇద్దరు కాపరులు ఉండాలి. చెవి వెనక సులువు బిళ్ళ తీసేసి దాన్ని మొత్తం చూసినవాళ్ళో చదివినవాళ్ళో అయ్యుండాలి. ఏడాదికోసారి సభలో కూర్చుని దాని గురించి వాదించుకోవాలి. ఇద్దరూ ఒకే మాట అంటే చెల్లదు, దాన్ని పలకలోంచి కొట్టేస్తారు. ఒకే మాట చెప్పడానికి చదవక్కర్లేదు, సులువే చెప్పేస్తుంది.

తెలివైన కట్టుబాటు. అది పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"తుఫాను లెక్కలు కావాలి, కాదనను" అన్నాను. "అంకినీడు సన్మానాలు రెండు పలకల నిండా ఉన్నాయి. వాటికి శాలువాలు తప్ప కాపరులెవరూ లేరు. అవి తీసెయ్యండి."

"ఆయన సభాపెద్ద మాస్టారూ!"

"అందుకే అంటున్నా. సరే, నువ్వు చూశావా ఆ సినిమా?"

"చూశాను. బాగుంది. మధ్యలో భలే నవ్వొచ్చింది."

"ఆరుబయట నూలు" చూసి నవ్విన మొదటి మనిషి నాంచారి. సులువు సంగతి అంతే. ఎవరికి ఏది ఇష్టమో కనిపెట్టి కథని అలా వండిపెడుతుంది. బసవయ్య చూసే ఏ సినిమాలోనైనా చివరికి అందరూ భోజనానికి కూర్చుంటారు. ఎవరి సినిమా వాళ్ళది. సులువు వచ్చాక ఒక పుస్తకం గురించి ఇద్దరు మనుషులు గొంతు పెంచి పోట్లాడుకోవడం నేను చూడలేదు. పోట్లాడాలంటే ఇద్దరి చేతుల్లోనూ ఒకే పుస్తకం ఉండాలి కదా.

"మీ నాన్న ఇలాంటి మాట అంటే ఊరుకునేవాడు కాదు" అన్నాను.

"మా నాన్నకేం తెలుసు మాస్టారూ? ఆయన జన్మలో పుస్తకం పట్టలేదు. వలలు బాగుచేసుకునేవాడు."

చెంబు అందుకుని నీళ్ళు తాగాను. "నిప్పుల మీద నడవని వాళ్ళు" అనే తొమ్మిది వందల పేజీల నవలని మూడుసార్లు చదివిన మనిషి వాడు. అది పోయేనాటికి నాంచారి చిన్నపిల్ల. ఆ తరవాత వాడు ఇంట్లో పుస్తకం మాటే ఎత్తలేదన్న మాట.

"ఏంటి, ఏదో దాస్తున్నారు" అంది నాంచారి.

"బిళ్ళ తీసి ఆ సినిమా మొత్తం చూడు. అప్పుడు చెబుతా మీ నాన్న సంగతి."

"బేరమా?"

"బేరమే."

కార్తీక బహుళ ద్వాదశి

ఉత్తరపు తాడు పీచులు లేచింది. బసవయ్యని పిలిచి మార్పించాను.

నాంచారి వచ్చి బిళ్ళ తీసి కొంగున ముడేసుకుంది. "చెవి పక్కన ఎవరో లేచి వెళ్ళిపోయినట్టుంది" అంది. గోడ మీద బొమ్మ వేశాను.

నేతగాళ్ళ ఇల్లు. పాతకాలపు చెక్క మేడ. భర్త చీరలు అమ్ముకురావడానికి పైఊరు వెళ్ళాడు. భార్య అతని మగ్గం మీద కూర్చుంది. నేస్తుంది. కండె అయిపోతుంది, ఇంకోటి పెడుతుంది. తెగిన పోగు ముడేస్తుంది. నలభై నిమిషాల పాటు ఎవరూ మాట్లాడరు.

"ఇప్పుడేమవుతుంది?"

"ఏమీ అవదు."

"ఎప్పటికీ అవదా?"

"చూడు."

"దీనికన్నా సముద్రం నయం మాస్టారూ. కాస్త కదులుతుంది" అని, గోడకి చేరగిలబడి నిద్రపోయింది. లేపలేదు. నా క్లాసులో నిద్రపోయినవాళ్ళని నేనెప్పుడూ లేపలేదు. తనకి తాను లేచి, "అయిపోయిందా?" అని అడిగి, సిగ్గుపడి, అమావాస్యకి వస్తానని వెళ్ళింది.

కార్తీక అమావాస్య

పోటు గట్టిగా వచ్చింది. తెప్ప రెండు జానలు పైకి లేచింది.

నాంచారి ఇవాళ మొత్తం చూసింది. చివర్న ఆ భార్య నేత మధ్యలో ఆపి లేస్తుంది. బొమ్మలోంచి బయటికి నడిచిపోతుంది. కెమెరా ఆమె వెంట వెళ్ళదు. తొమ్మిది నిమిషాలు ఖాళీ మగ్గాన్నే చూస్తూ ఉంటుంది. ఎక్కడో తలుపు కిర్రుమంటుంది. వయొలిన్ ఒకటి మొదలై, నిషాదం మీద నిలబడి, చేరాల్సిన షడ్జమం అందుకోకుండానే ఆగిపోతుంది. అంతే. అయిపోయింది.

"ఇదేం ముగింపు! ఎవడు తీశాడండీ దీన్ని? ఆవిడ ఏమైనట్టు?"

"నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్పాలి? తీసినవాడు చెప్పాలి!"

కోపంతో మొహం ఎర్రబడింది. నాకు ఎంత సంతోషమేసిందో రాయలేను. సులువు ఈ ఊళ్ళో ఎవరికీ ఇంత కోపం తెప్పించలేదు.

ఈ సినిమా నేను మొదట చూసింది బందరులో. బందరు ఇప్పుడు మాకు ఉత్తరాన నీళ్ళ కింద ఉంది. స్కూలు హాల్లో, దుప్పటి కట్టి, శేషమాంబ టీచరు వేశారు. ఫ్యాను తిరిగినప్పుడల్లా దుప్పటి ఊగి మగ్గం మెలికలు తిరిగేది. మొదట్లో హాలు నిండా పిల్లలం. చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ వాడూ. "టీచర్, అర్థం కాలేదు" అన్నాం. "మంచిది. రేపు మళ్ళీ రండి" అన్నారావిడ. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ మీద అరుద్దామన్నా లేరు.

ఇద్దరం కాలవ గట్టు మీద నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. ఆవిడ ఇల్లొదిలి వెళ్ళిపోయిందని నేను. కాదు, ఇంట్లోనే ఉందని వాడు. ఎందుకంటే చెప్పలేడు. "నాకలా అనిపిస్తోందిరా" అంటాడు. నేను తలుపు చప్పుడు పట్టుకున్నాను. తలుపు తీసినవాళ్ళందరూ వెళ్ళిపోరంటాడు. టీ కొట్టు దగ్గర ఆగాం. వారం రోజులు అదే వాదన. కొట్టు యజమాని విని విని, "ఆ అమ్మాయి ఉందో పోయిందో రేపటికైనా తేల్చుకుని రండి బాబూ, బెంచీ అరిగిపోతోంది" అన్నాడు. ఆ టీ రుచి, ఆ కాలవ నాచు వాసన, వాడు చెయ్యి ఊపుతూ మాట్లాడితే నా చొక్కా మీద ఒలికిన టీ మరక, అన్నీ ఉన్నాయి నా దగ్గర. వాటికి పలక అక్కర్లేదు.

తరవాత చాలా ఏళ్ళకి నా భార్య మంచాన పడింది. చివరి రోజుల్లో మాటలు మానేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఏమైందమ్మా, ఏం కావాలి" అని ప్రాణం తీసేవాళ్ళు. నేను ఏమీ అడక్కుండా పక్కన కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు చేతనవును. ఖాళీ మగ్గం ముందు తొమ్మిది నిమిషాలు కూర్చుని నేర్చుకున్నాను. ఒకసారి నా చెయ్యి నొక్కింది. ఇలాంటివి చదివితే, చూస్తే ఏం లాభమని అంకినీడు సభలో అడిగినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. వాడికి చెప్పే సంగతి కాదు.

బేరం ప్రకారం నాంచారికి వాళ్ళ నాన్న సంగతి చెప్పాను. నవలలో కథ చెప్పేది ఒక అన్న. తమ్ముడు నిప్పుల్లో పడి పోయాడంటాడు. ఆ అన్నే తోశాడని నా వాదన. కాదని మీ నాన్న వాదన. ఏటా సభలో పోట్లాడుకుని, ఆ పుస్తకాన్ని బతికించుకునేవాళ్ళం. ఆ ఏడు నేను కొత్తగా ఒక పేజీ చూపించాను. మీ నాన్న చూసి, ఒప్పేసుకున్నాడు. ఆ సాయంత్రమే పుస్తకం కొట్టేశారు.

నాంచారి కొంగున ముడేసిన బిళ్ళని వేళ్ళతో తిప్పింది.

"ఆయనకి నిజం కనపడింది. చెప్పాడు. తప్పేముంది మాస్టారూ?"

"పుస్తకం పోయింది."

"మీరు గెలిచారు కదా!"

"గెలిచాను."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ కథ నాకు తెలుసు. వల అల్లుతూ చెప్పేవాడు నాన్న. సొంతంగా అల్లిన కథనుకున్నాను. ఒకరోజు అన్నే తోశాడనేవాడు. ఇంకోరోజు లేదు, తమ్ముడే జారాడనేవాడు. నిన్న అలా చెప్పావు కదా అంటే, నిన్న నేను వేరే మనిషిని అనేవాడు."

నీళ్ళ వణుకు ఆగేదాకా చెంబు వంక చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో కూతురి ముందు రెండు పక్షాలూ తనే వాదించుకున్నాడన్న మాట. ఆ తెలివి సభలో ఏమైంది?

మార్గశిర శుద్ధ దశమి

ఉప్పు తుడిచాను. నడుం పట్టింది.

నాంచారి ఈ వారంలో మళ్ళీ రెండుసార్లు వచ్చింది. రెండో కాపరిగా తన పేరు రాయించుకుంది. "సినిమా మీద ప్రేమతో కాదు, మీరు చెప్పేది తప్పని నిరూపించడానికి" అంది. అంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

ఇవాళ ఆఖరి తొమ్మిది నిమిషాలే వేయమంది. చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి లేచింది. నా చెంబు తెచ్చి ముందు పెట్టుకుంది. గది ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి, వంగి చెంబులోకి చూసింది.

"దాహమా?"

"కాదు."

"మరేంటి?"

"సభలో చెబుతా. ముందే చెబితే మీరు జవాబు వెతుక్కుంటారు."

అచ్చం వాడి కూతురే.

మార్గశిర బహుళ పాడ్యమి

నిన్న సభ జరిగింది. పోటు వివరాలు రాయలేదు. బసవయ్య పుస్తకంలో చూసుకోవచ్చు.

అంకినీడు శాలువాతోనే వచ్చాడు. "మాస్టారూ, క్లుప్తంగా" అన్నాడు. ఏటా చెప్పేదే చెప్పాను. తలుపు చప్పుడు వినండి. ఆవిడ మేడ దిగి వెళ్ళిపోయింది. తాయారమ్మ గారు ఉంటే ఈ మాటకి లేచి, "వెళ్ళిన మనిషికి వయొలిన్ నిషాదం మీద ఆగదండీ, ఆవిడ ఇంట్లోనే ఉంది" అనేవారు. "వెళ్ళిపోయింది కాబట్టే షడ్జమం లేదు" అనేవాణ్ణి నేను. నిన్న ఆ చోట ఆగాను. అలవాటు.

నాంచారి లేచింది. "అందరూ బిళ్ళలు తియ్యండి" అంది. గొణుక్కుంటూ తీశారు. గోడ మీద ఖాళీ మగ్గం వచ్చింది. "ఇందులో భోజనాలెప్పుడు?" అన్నాడు బసవయ్య. నవ్వులు. రెండు నిమిషాలకి కాళ్ళు కదపడాలు, దగ్గులు.

"మగ్గం చూడకండి. కింద ఎడమ పక్క చూడండి. కండెలు తడుపుకునే నీళ్ళ మూకుడు ఉంది."

ఉంది. అరవై ఏళ్ళుగా ఉంది. నేను ఎన్నడూ దాని వంక చూడలేదు. నేను ఈ సినిమా గట్టు మీద నేర్చుకున్నాను. గట్టు మీద నీళ్ళని ఎవరు చూస్తారు?

మూకుట్లో నీళ్ళు వణికాయి. ఆగాయి. మళ్ళీ వణికాయి.

సభ మొత్తం ముందుకి వంగింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. వెనక నుంచి బసవయ్య గొంతు, "ఎవరో నడుస్తున్నారు!" అని. "ఆడమనిషి అడుగు" అంది ఇంకో ముసలావిడ. "పచార్లు చేస్తోంది. ఇదిగో, వెనక్కి తిరిగింది." ఖాళీ మగ్గం బొమ్మని ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరి నిమిషంలో వణుకు ఒకచోట ఆగిపోయింది. వయొలిన్ నిషాదం మీద నిలబడింది. ఎవరో పిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసింది.

"తలుపు తీసింది, గుమ్మం దాకా వెళ్ళింది, దిగలేదు" అంది నాంచారి. "తొమ్మిది నిమిషాలూ ఆ మేడ మీదే తిరిగింది. వెళ్ళాలా వద్దా అని. మాస్టారు చెప్పింది తప్పు."

నిజం. కళ్ళెదురుగా ఉంది. పదిహేనో ఏట కాలవ గట్టు మీద వాడు చెప్పిందే. ఆ రోజు వాడు కళ్ళజోడు ఎందుకు తీశాడో అర్థమైంది. నా చెయ్యి కూడా కళ్ళజోడు మీదకి వెళ్ళింది.

"మాస్టారూ, ఒప్పుకుంటారా?" అన్నాడు అంకినీడు. వాడి కళ్ళలో ఖాళీ పలక కనపడుతోంది నాకు.

చెయ్యి దించేశాను.

"ఒప్పుకోను. అది గాలి."

సభ గోలెత్తిపోయింది. "గాలేంటి మాస్టారూ! గాలికైతే నీళ్ళు ఒక పక్క నుంచి ముడత పడతాయి, ఇవి గుండ్రంగా లేచాయి!" అని బసవయ్య, జీవితంలో మొదటిసారి, ఒక సినిమా గురించి నా మీద అరిచాడు.

"గాలైతే బొమ్మలో ఆ కిటికీలో దీపం ఎందుకు ఊగలేదు?" అని నాంచారి నా మీదికి వచ్చింది.

"అది కిందినుంచి వచ్చిన గాలి."

"కిందినుంచా! ఏం గాలండీ అది?"

"నాకు తెలిసిన గాలి."

అంకినీడు ఇద్దరి మొహాలూ చూశాడు. కట్టుబాటు కట్టుబాటే. ఇద్దరూ ఒకే మాట అనలేదు. "ఉంటుంది" అన్నాడు నీరసంగా. తుఫాను లెక్కలకి జాగా ఎలా అని లేచారు. సన్మానాల పలకకి కాపరులెవరని నాంచారి అడిగింది. ఎవరూ లేవలేదు. ఒక పలక తీసేశారు. చాలా కాలానికి నాకు కడుపు నిండింది.

వంతెన మీద నాంచారి నన్ను ఆపింది. "మీకు కనపడింది. మీ చెయ్యి కళ్ళజోడు మీదకి వెళ్ళడం చూశాను."

"గాలి అన్నానుగా."

"మొండి ముసలాయన! వచ్చే ఏడు దీపం పట్టుకొస్తాను. ఎలా అంటారో చూస్తాను."

"పట్టుకురా."

విసవిసా వెళ్ళిపోయింది. బసవయ్య తెప్ప మీద ఇంకా వాదన నడుస్తోంది. ఆవిడ దిగిందా లేదా అని. వాళ్ళావిడ దిగిందంటోంది.

ఆ పేరు ఇప్పుడు రాస్తాను. నువ్వు ఒప్పేసుకున్న ఆనాటి సభ అయ్యాక మా ఇంటికి వచ్చావు. "నిజం కనపడ్డాక లేదని ఎలా చెప్పనురా?" అన్నావు. తలుపు వేసేశాను. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. నిన్న దొరికింది. ఎలా చెప్పాలంటే, గాలి అని చెప్పాలి. ఒక్క ముక్క. నోరు కాస్త ఎండుతుంది, అంతే. నీ నిజాయితీ నీకు మిగిలింది. ఆ తొమ్మిది వందల పేజీలు ఎవరికీ మిగల్లేదు, నీ కూతురికి కూడా. నేను అబద్ధం చెప్పి నీ వాదనని బతికించాను. నువ్వు నిజం చెప్పి నా పుస్తకాన్ని చంపావు. గాలి అని ఉండొచ్చు కదరా, పానకాలరావూ.